ముప్పై చుక్కల పాఠం

ఇజ్మే హైండ్స్ కలిపిన మందు తాగి ఎవరికీ కీడు జరగలేదు. ఈ మాట ముందే చెప్పి పెడుతున్నాను. ఎందుకంటే మూడేళ్ళపాటు న్యూ ఆమ్‌స్టర్‌డామ్ ఊళ్ళో ప్రతివాళ్ళూ ఆ పిల్ల చేతినే ఆడిపోసుకున్నారు. పరీక్షలో చెయ్యి వణుకుతుందట, పల్లెటూరి చెయ్యట, పట్నంలో నలుగురి ముందు నిలబడేసరికి అన్నీ మర్చిపోతుందట. ఆ పిల్ల మందులు కలిపే షాపులోనే నేను ముందు కౌంటర్‌లో సబ్బులు, పౌడర్లు, పిప్పరమెంట్లు అమ్మేదాన్ని. ఏళ్ళ తరబడి ఆమెకు నాలుగడుగుల దూరంలో నిలబడ్డాను. ఆ చెయ్యి వణకగా నేనెప్పుడూ చూడలేదు.

షాపు మిస్టర్ వియేరాది. మెయిన్ స్ట్రీట్‌లో రెండు మందుల షాపులుండేవి, ఒకటి ఆయనది, రెండోది సరిగ్గా ఎదురుగా. వియేరా పోర్చుగీసు కుటుంబం మనిషి, పెళ్ళి చేసుకోలేదు, ఎవరితోనూ గొంతు పెంచి మాట్లాడేవాడు కాదు. ఊళ్ళో చంటిపిల్లల తల్లులంతా ఆయన్ని దేవుడనేవారు. నేనూ అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఇజ్మే పదిహేనో ఏట ఆయన దగ్గర అప్రెంటిస్‌గా చేరింది. తండ్రి లేడు. తల్లి మిస్ డ్రుసిల్లా (పెద్దామెలను మా ఊళ్ళో మర్యాదకు మిస్ అనే పిలుస్తారు) నాలుగిళ్ళ బట్టలు ఉతికి ఇస్త్రీ చేసేది. అప్పటి పద్ధతి ఏమిటంటే, లైసెన్సు ఉన్న ఒకరి దగ్గర ఐదేళ్ళు పని నేర్చుకోవాలి. తర్వాత పట్నం, అంటే జార్జ్‌టౌన్ వెళ్ళి మందుల బోర్డువాళ్ళ పరీక్షకు కూర్చోవాలి. పాసైతే లైసెన్సు. సొంతంగా షాపు పెట్టుకోవచ్చు, విషపు మందులు అమ్మినప్పుడు రాసే రిజిస్టర్‌లో సొంత సంతకం పెట్టుకోవచ్చు. పాసవ్వకపోతే జన్మంతా మందు కలిపేది నువ్వు, సీసా మీద పేరు ఇంకొకరిది. ఇజ్మేకి కావలసింది ఆ ఒక్కటే, తను కలిపిన సీసా మీద తన పేరు.

ఆ పిల్ల చదివిన చదువు మామూలు చదువు కాదు. పొట్లాలు కట్టే గోధుమరంగు కాగితాల మీద మోతాదులన్నీ రాసుకుని, పొద్దున్నే రేవు దగ్గర కూర్చుని వల్లెవేసేది. పరీక్షలో ఒకరోజు లేబుళ్ళు లేని జాడీలు వరసగా పెట్టి, ఏది ఏమిటో వాసన చూసి చెప్పమంటారు. అందుకని మిస్ డ్రుసిల్లా కూతురి కళ్ళకి తలగుడ్డ కట్టి, ఒక చేత్తో ఇస్త్రీ పెట్టె తోస్తూ, రెండో చేత్తో పొట్లాలు ముక్కు కింద పెట్టేది. సునాముఖి ఆకు, సింకోనా బెరడు, ఇంగువ. ఆమెకు అక్షరం ముక్క రాదు. కానీ రెండేళ్ళు తిరిగేసరికి, కూతురు తప్పు చెప్తే బల్ల మీద టకటక కొట్టేది.

"బెరడు కాదే, ముక్కుందా లేదా నీకు?" అనేది.

"పొద్దున్నించీ గంజివాసనలో ఉన్నానమ్మా, ముక్కెక్కడ పనిచేస్తుంది?"

"పరీక్షలో నీకోసం గంజి ఆపుతారా? మళ్ళీ చూడు."

మొదటిసారి పరీక్షకు వెళ్ళినప్పుడు వియేరా స్వయంగా రేవుదాకా వచ్చి స్టీమర్ ఎక్కించాడు. నదికి అవతలి ఒడ్డున రోసిగ్నోల్‌లో రైలెక్కితే మధ్యాహ్నానికి జార్జ్‌టౌన్. పరీక్ష మూడు రోజులు. ఫలితం పేపర్లో వచ్చింది. రాతపరీక్షలో ఇంగ్లీషువాళ్ళు ఏలే మా కాలనీ మొత్తం మీద రెండో స్థానం. వాసన పరీక్షలో నూటికి నూరు. మూడో రోజు, మందులు కలిపే పరీక్షలో తప్పింది. ఎందుకు తప్పిందో పేపర్లో ఉండదు.

అది ఎవరికీ అర్థం కాలేదు. రోజుకు ముప్పై, నలభై డాక్టరు చీటీలకు మందు కలిపే పిల్ల మందు కలపడంలో తప్పడమేమిటి? వియేరా ఆ రోజు షాపు పెందలాడే మూసి, వాళ్ళింటికి వెళ్ళి, తల్లి ఎదురుగా కూర్చుని, "కంగారు పడ్డట్టుంది పిల్ల. వచ్చే ఏడు అవుతుందిలెండి" అన్నాడు. మిస్ డ్రుసిల్లా ఆయనకు అనాసపండు పెట్టి కాల్చిన పైన్ టార్ట్‌లు పెట్టింది.

ఇక్కడ మా షాపు రహస్యం ఒకటి చెప్పాలి. ఊళ్ళో సగం రోగులు డాక్టర్ ఒగిల్వీ దగ్గరికే వెళ్ళేవారు. పెద్దాయన, మంచి హస్తవాసి, కోపిష్ఠి. నీరసమని ఎవరొచ్చినా ముష్టిగింజల టింక్చర్ రాసేవాడు. అది మోతాదులో ఇస్తే బలం, మించితే విషం. పూటకు ముప్పై చుక్కలకు మించకూడదని పుస్తకం. ఒగిల్వీ ఏ కాలంలో ఎక్కడ నేర్చుకున్నాడో గానీ అరవై రాసేవాడు. పుస్తకం ప్రకారమైతే ఆ చీటీ వెనక్కి పంపి, డాక్టర్ని అడిగి, ఆయన చేత్తో దిద్దించుకుని గానీ మందు కలపకూడదు. మా షాపులో అలా అడిగేవాళ్ళు కాదు. ఆయన అరవై రాస్తే మేము ముప్పై కలిపి ఇచ్చేవాళ్ళం, అంతే. రోగికి తెలియదు, డాక్టరుకు తెలియదు. అడిగితే ఆయనకు పౌరుషం వచ్చి రోగులందర్నీ ఎదుటి షాపుకు పంపుతాడని వియేరా భయం. చేరిన మొదటి నెలలోనే ఇజ్మేకి ఈ పని నేర్పించాడు. ఐదేళ్ళలో ఆ పిల్ల చేతికి అది ఎంత అలవాటైందంటే, అరవై అని కనిపిస్తే కన్ను ముప్పై అనే చదివేది.

రెండో పరీక్షకు రెండు వారాల ముందు ఒక ఆదివారం, చర్చి నుంచి వచ్చి, ఇజ్మే ఆయన్ని అడగడం నేను విన్నాను. నేను గాజు అల్మారా తుడుస్తున్నాను. ఆమె పుస్తకం తెరిచి పట్టుకుంది.

"సార్, మోతాదు మించితే డాక్టర్ని అడక్కుండా కలపకూడదని ఉంది ఇందులో. పోయినసారి పరీక్షలో ఒక చీటీలో బెల్లడోనా మోతాదు ఎక్కువ రాసుంది. నేను మనం చేసినట్టే తగ్గించి కలిపేశాను. అదేమైనా తప్పంటారా?"

వియేరా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆ పుస్తకం లండన్‌లో కూర్చుని రాసింది పిల్లా. పరీక్ష పెట్టేది మనవాళ్ళు. వాళ్ళు చూసేది నీకు బుర్ర ఉందా లేదా అని. చీటీ పట్టుకుని డాక్టర్ దగ్గరికి పరిగెత్తే మనిషికి లైసెన్సెందుకిస్తారు? నువ్వు చేసింది రైటే."

"మరెందుకు తప్పినట్టండీ?"

"నువ్వు మనసులో బెదురుతున్నావు. అది మానేయ్."

ఆమె పుస్తకం మూసేసింది. పుస్తకం కంటే ఆయన మాట గట్టిది ఆమెకు. నేను కూడా మనసులో, ఎంత ఓపిగ్గా చెప్తున్నాడో మారాజు అనుకున్నాను.

రెండోసారీ అంతే అయింది. రాతలో మొదటి స్థానం, మందు కలపడంలో సున్నా. ఈసారి ఊరు ఊరుకోలేదు. బజారులో చేపలమ్మే ఆంటీ ఒకతె మిస్ డ్రుసిల్లా మొహం మీదే, "చెయ్యి నిలకడలేని దాన్ని బట్టలుతకడంలో పెట్టుకోరాదూ" అంది. ఎదుటి షాపువాడు ఇజ్మే దాటి వెళ్తుంటే సీసాలు గలగలలాడించి నవ్వేవాడు. ఆమె రోజూ చెయ్యి చాచి, దాని మీద నీళ్ళు నిండుగా ఉన్న కొలత గ్లాసు పెట్టుకుని, వంద లెక్కపెట్టేది. ఒక్క చుక్క ఒలికేది కాదు. "చూశావా సుర్సత్తీ, వణకట్లేదు కదా?" అని నన్నడిగేది. లేదే తల్లీ, లేదు అనేదాన్ని. మర్నాడు మళ్ళీ అడిగేది.

మూడోసారి నేనూ వెంట వెళ్ళాను. మా పెద్దమ్మ జార్జ్‌టౌన్‌లో ఉంటుంది, అక్కడే దిగాం. మూడో రోజు పరీక్ష గది బయట బెంచీ మీద కూర్చున్నాను. తలుపు ఓరగా తీసి ఉంది. పరీక్షాధికారి మిస్టర్ లచ్‌మన్‌సింగ్ అని, సన్నగా, పొడుగ్గా, తెల్లజుట్టాయన. అందరి సీసాలూ ఒక్కొక్కటే ఎత్తి, లేబుల్ చదివి, చీటీతో పోల్చి చూస్తున్నాడు. ఇజ్మే బల్ల దగ్గర ఆగిపోయాడు.

"మళ్ళీ అదే పని చేశావా నువ్వు?" అన్నాడు.

ఇజ్మే తన సీసా వంక, చీటీ వంక చూసుకుంది.

"డాక్టర్ రాసిందొకటి, నువ్వు కలిపిందొకటి. ఎవరినడిగి తగ్గించావు? రేపు ఆ రోగికి మందు చాలక ప్రాణం మీదకొస్తే ఎవరిది పూచీ? ఇంత చదివావు, ఇది తెలీదా? రెండేళ్ళు వరసగా మీ యజమానికి నా చేత్తో నేను ఉత్తరం రాశాను. ఆయన చూపించినా నీకు లెక్కలేదా?"

"ఏ ఉత్తరమండీ?" అంది ఇజ్మే.

గదిలో మిగతావాళ్ళు గరాటులు కడగడం ఆపేశారు. లచ్‌మన్‌సింగ్ ఆమె వంక చూసి, గొంతు బాగా తగ్గించి చెప్పాడు. అప్రెంటిస్ తప్పితే, ఎందుకు తప్పిందో బోర్డు యజమానికే రాస్తుందట. నేర్పవలసింది ఆయన కాబట్టి. తక్కినవన్నీ అద్భుతం, ఈ ఒక్క అలవాటు మాన్పించి పంపండి అని రెండుసార్లూ రాశాడట. మొదటి ఉత్తరానికి వియేరా జవాబు కూడా రాశాడట, సలహాకు కృతజ్ఞతలు, తప్పక చెప్తానని.

"నేను అడిగానండీ ఆయన్ని. సరిగ్గా ఇదే అడిగాను," అంది ఇజ్మే.

"ఏమన్నాడు?"

"నువ్వు చేసింది రైటే అన్నారు."

ముసలాయన సీసాని బల్ల మీద పెట్టేశాడు. "ఇది నేను చూడనట్టు నటించలేనమ్మా," అన్నాడు. "ఇంకొక్కసారే ఉంది నీకు. నాలుగుసార్లకు మించి కూర్చోనివ్వరు. దరఖాస్తు మీద ఆయన సంతకమే కావాలి, వేరేవాళ్ళది చెల్లదు. ఎలాగైనా తెచ్చుకో."

రైల్లో నేను రోసిగ్నోల్‌దాకా వియేరాని, ఆయన ఏడు తరాల్నీ తిడుతూనే ఉన్నాను. ఆదివారం పుస్తకం తెరిచి అడిగితే, జేబులో జవాబు పెట్టుకుని కళ్ళజోడు తుడుచుకున్న మనిషి. తల్లి చేతి టార్ట్‌లు తిన్న మనిషి. స్టీమర్ మీద ఇజ్మే చెయ్యి చాచి చూసుకుంది. "నా చెయ్యి మంచిదేనే సుర్సీ," అంది. "దీన్ని ఎన్ని తిట్లు తిట్టుకున్నానో."

ఆమె వెంటనే వెళ్ళి నిలదీస్తుందనుకున్నాను. లేదు. కొత్త దరఖాస్తు వచ్చేదాకా నోరెత్తకుండా పనిచేసింది. వచ్చిన రోజు పొద్దున్న షాపు తెరవగానే దాన్ని వియేరా ముందు పెట్టింది.

"సంతకం పెట్టండి సార్."

"ఈ ఏడు వద్దు పిల్లా. ఒక్కసారే మిగిలింది. ఇంకో రెండేళ్ళు చెయ్యి కుదుటపడనీ."

"లచ్‌మన్‌సింగ్‌గారి ఉత్తరాలు ఏం చేశారు?"

ఆయన తెల్లబోలేదు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మెల్లిగా కుర్చీలో కూర్చుని, "నా కళ్ళు పోతున్నాయి ఇజ్మే," అన్నాడు. "నేను కలిపిన మందు నేనే నమ్మట్లేదు. ఈ షాపు నీ చేతి మీద నడుస్తోంది. లైసెన్సు వస్తే ఉంటావా నువ్వు? ఉండవు. నీకేం తక్కువ చేశాను? కూతురిలా చూసుకున్నాను."

"కూతురైతే చెప్పేవారు."

"సంతకం పెట్టను," అన్నాడు ఆయన, అదే మెత్తని గొంతుతో.

"సరే సార్. పెట్టేదాకా నేను పుస్తకం ప్రకారం పనిచేస్తాను."

ఆయనకు ఆ మాట అర్థం కాలేదు. నాకూ కాలేదు. అరగంటలో చెరుకుతోటల వైపు నుంచి ఒకామె ఒగిల్వీ చీటీ తెచ్చింది. ఇజ్మే దాన్ని చదివి, "అమ్మా, డాక్టరుగారు అరవై చుక్కలు రాశారు. ముప్పైకి మించకూడదు. ఆయన్ని అడక్కుండా కలిపే హక్కు నాకు లేదు," అని చెప్పి, తెల్లకాగితం తీసుకుని గుండ్రటి అక్షరాలతో రాసింది. అయ్యా, మోతాదు పుస్తకంలో ఉన్నదానికి రెట్టింపుగా కనబడుతోంది, దయచేసి పరిశీలించి సంతకం చేసి పంపగలరు. కింద తన పేరు, వియేరా షాపు పేరు.

వియేరా లేచి వచ్చాడు. "ఏం చేస్తున్నావ్? ఇలా తే ఆ చీటీ."

"మీరు కలపండి సార్, మీకు లైసెన్సుంది. చుక్కలు లెక్కపెట్టుకోండి."

ఆయన టింక్చర్ సీసా ఎత్తి, వెలుతురుకు పట్టుకుని, కొలత గ్లాసు మీది గీతలు చూడబోయి, కనిపించక కింద పెట్టేశాడు. ఆ క్షణంలో జాలేసింది నాకు. అబద్ధమెందుకు, ఒక్క క్షణమే.

మధ్యాహ్నానికి అలా ఏడుగురు రోగులు ఏడు కాగితాలు పట్టుకుని డాక్టర్ ఇంటికి వెళ్ళారు. డాక్టరు రాసినదాంట్లో తప్పుందట అని బజారంతా తెలిసిపోయింది. రెండు గంటలకు ఒగిల్వీ కారు షాపు ముందు ఆగింది. ఆయన ఏడు కాగితాలూ కౌంటర్ మీద పడేశాడు.

"ఎవరిదీ చేతిరాత?"

"నాదండీ," అంది ఇజ్మే.

"పదేళ్ళుగా ఇదే రాస్తున్నాను. ఈ షాపులో ఎవడూ నన్నడగలేదు. నా రోగులెవరికీ ఏమీ కాలేదు."

"పదేళ్ళుగా ఇక్కడ సగమే కలుపుతున్నారండీ. అందుకే కాలేదు."

డాక్టర్ వియేరా వైపు తిరిగాడు. "నిజమా?"

వియేరా కళ్ళజోడు తీసి తుడుచుకోబోయాడు. ఇజ్మే పుస్తకంలో ఆ పేజీ తీసి డాక్టర్ ముందుకు జరిపింది. ఆయన నిలబడే చదివాడు, రెండుసార్లు. పడేసిన కాగితాలు తనే ఒక్కొక్కటే ఏరుకుని, అన్నిటి మీదా అరవై కొట్టేసి, ముప్పై రాసి సంతకాలు పెట్టాడు.

"ఎదుటి షాపుకు ఎవరినైనా పంపానేమో, వాళ్ళు సగం చేసేవాళ్ళో కాదో నాకేం తెలుసు?" అన్నాడు వియేరాతో. "ఒక్కమాట చెప్తే సరిపోయేది కదయ్యా. నాకెందుకు చెప్పలేదు?" జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయాడు. ఎదుటి షాపుకే వెళ్ళాడు, అడగడానికి.

వియేరా దరఖాస్తును దగ్గరికి లాక్కుని, మొహం కాగితానికి ఆనించి, వేలితో గీత వెతుక్కుని సంతకం పెట్టాడు. ఇజ్మే దాన్ని తీసుకుంది గానీ కదల్లేదు.

"ఒకటి అడుగుతాను సార్. అమ్మ మీ చర్చి బల్లగుడ్డలు ఉతికి ఇవ్వడానికి వెళ్ళినప్పుడు చూసిందట. నా పరీక్ష రోజు ప్రతి ఏడూ మీరు కొవ్వొత్తి వెలిగించారట. ఏమని అడిగారు దేవుణ్ణి?"

అబద్ధం చెప్పి ఉంటే ఎంత బాగుండేదో. ఆయన చెప్పలేదు.

"మొదటి ఏడు నువ్వు పాసవ్వాలని," అన్నాడు. "తర్వాత రెండేళ్ళూ, నువ్వు ఉండిపోవాలని."

ఇజ్మే ఆ సాయంత్రమే ఏప్రన్ విప్పేసి వెళ్ళిపోయింది. నవంబరు పరీక్షలో చీటీ వెనక్కి పంపించి, ఉత్తరం రాసి, పాసైంది. పేపర్లో పేరు అచ్చయిన రోజు మిస్ డ్రుసిల్లా వీధి అందరికీ కొబ్బరిపాలతో చేసే కుక్-అప్ అన్నం వండి పెట్టింది. బజారు ఆంటీ కూడా వచ్చి రెండుసార్లు వడ్డించుకుంది. ఇజ్మే మాత్రం కనబడలేదు. వెతుక్కుంటూ వెళ్తే రేవు దగ్గర కూర్చుని ఏడుస్తోంది. సంతోషం పట్టలేక అనుకుని నేను నవ్వాను.

"మొదటి ఏడు నిజంగానే నాకోసం మొక్కుకున్నాడే ఆయన," అంది. "నా చెయ్యి మంచిదని తెలిశాక మానేశాడు. మొదట్నుంచీ చెడ్డవాడైతే మర్చిపోయేదాన్ని సుర్సీ."

తర్వాత ఆమె అవతలి ఒడ్డున రోసిగ్నోల్‌లో ముప్పై ఒక్క ఏళ్ళు షాపు నడిపింది. ప్రతి సీసా మీదా ఆమె పేరే ఉండేది. పని నేర్పమని ఎంతమంది ఆడపిల్లలు వచ్చి అడిగినా ఒక్కరినీ చేర్చుకోలేదు. ఎందుకే అని ఒకసారి అడిగాను. చేతికందొచ్చిన పిల్లను పంపాల్సిన రోజు వస్తే, తను ఏమని మొక్కుకుంటుందో తనకు తెలియదంది.